కనిపించే జాగా

నేను ఒక నిలువుటద్దాన్ని. ఇసుకని కొలిమిలో కరిగించి నన్ను పలక చేశారు, వీపుకి పూత పూశారు. ఉన్నది ఉన్నట్టు చూపడమే నా పని అనుకున్నాను. మనుషులు ఊరుకుంటారా?

విజయవాడ కృష్ణలంకలో పట్టాభిరామయ్య ఒకే ఇంటిని రెండు పోర్షన్లు చేశాడు. మధ్య తలుపు మూసేసి, ఇవతలి గదివైపు దాని మీద నన్ను బిగించాడు. ఇంటీరియర్ సలహాలిచ్చే కుర్రాడెవరో చెప్పాడట: గోడలకి తెల్లరంగు, కిటికీకి నేలదాకా తెర, ఎదురుగా పెద్ద అద్దం, ఇక ఇరుకు గది హాలైపోతుందని. అవలేదు. అయినట్టు కనిపించింది. అద్దెకివ్వడానికి అది చాలు.

టిఫిన్ సెంటర్లో పనిచేసే ఈశ్వరి ఆ మాయలోనే పడిపోయింది. ఆమె తల్లి తిరపతమ్మకి తుంటి విరిగింది. మంచం మీద కాళ్ళు చాపే పడుకోవాలన్నాడు డాక్టరు. ఖాళీ గదిలో నిలబడి ఈశ్వరి గదిని కాదు, నన్ను చూసింది. నాలో కనిపించే గదిలోనే మనసులో మంచం వేసేసుకుంది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

మంచం వచ్చింది. నిలువుగా వేస్తే వీధి తలుపు తెరుచుకోదు, అడ్డంగా అసలు పట్టదు. అది వరండా పాలైంది. తిరపతమ్మ లోపల మూలన మోకాళ్ళు ముడుచుకుని మూలిగింది. పట్టాభిరామయ్యకి చెప్పుకుంటే, లేతరంగు దుప్పటి పరిస్తే గది ఇంకా విశాలంగా కనిపిస్తుందన్నాడు. కనిపించడం, కనిపించడం! కనిపించే జాగాలో కాళ్ళెలా చాపుతారయ్యా?

అవతలి పోర్షనులో రజియా ఉంటుంది. ఇల్లు ఒకటిగా ఉన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. ఆ మూలుగు నా వీపు వెనక నుంచి వినీ వినీ, ఓ పొద్దున వచ్చేసింది.

"ఈశ్వరక్కా, ఆ అద్దం పీకెయ్. వెనకాల తలుపుంది. మా వైపు గడియ తీసేశా."

"ఓనరు గారు ఊరుకుంటారంటావా?"

"ఊరుకోకపోతే ఆయన్నే వచ్చి ఆ మూలన ముడుచుకు పడుకోమను."

ఈశ్వరి అట్లకాడతో నా మరలు విప్పి నన్ను వరండాలో నిలబెట్టింది. రజియా తన బీరువా పక్కకి జరిపింది. మంచం గడప మీదుగా పడింది, తలవైపు ఈ గదిలో, కాళ్ళవైపు ఆ గదిలో.

పట్టాభిరామయ్య వచ్చి రంకెలేశాడు. అసలీ ముసలమ్మ ఏ పోర్షను మనిషని నిలదీశాడు.

"నడుం దాకా ఈశ్వరి మనిషిని నాయనా," అంది తిరపతమ్మ. "కింద సగం సంగతి రజియాని అడుగు."

విసవిసా బయటికొస్తూ వరండాలో నన్ను గుద్దుకున్నాడు. ఇంత పెద్దదాన్ని దారికడ్డంగా పెట్టారేమని విసుక్కున్నాడు. నేనూ జాగా తినేదాన్నేనని ఇన్నాళ్ళకి తెలిసింది మహానుభావుడికి. మళ్ళీ బిగిస్తానని బెదిరిస్తున్నాడు. బిగించాలంటే ముందు ఆ మంచం జరపాలి.

మంచం మీద తిరపతమ్మ కాళ్ళు బారజాపి గురక పెడుతోంది.