నాలుగు వరుసల కొత్తిమీర

“అమ్మ ఖాళీగానే ఉందిగా, ఏరి పెడుతుందిలే” అంటూ నాథన్ బేసిన్ నిండా కొత్తిమీర తెచ్చి వంటగది బల్ల మీద పెట్టాడు. సాయంత్రం బార్బెక్యూ విందుకి స్నేహితులు వస్తున్నారు, పచ్చడి కావాలి.

అతని భార్య షీనా గబగబా బేసిన్ దగ్గరకు వచ్చింది. ఆస్ట్రేలియాలో, టార్నీట్‌లోని తమ ఇంటి పెరట్లో ఏడాదిగా నాలుగు రకాల కొత్తిమీరను నాలుగు వరుసల్లో పెంచి, కాలం మారినప్పుడల్లా ఆకు మెత్తదనం, వాసన, బరువు కొలుస్తోంది. యూనివర్సిటీలో ఆమె మాస్టర్స్ అంతా దాని మీదే. మిగిలింది వేసవి కోత ఒక్కటే. దాన్నే భర్త వరుసలన్నీ కలిపి కోసేశాడు. ఆమె చదువుకోవడానికి ఇంటిల్లిపాదినీ ఒప్పించవలసి వచ్చింది. ఆ చదువు మీద కత్తెర వేయడానికి అతనికి ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది.

“కొత్తిమీరేగా షీనా, మళ్ళీ వేస్తే నెలలో వస్తుంది.”

“థీసిస్ పన్నెండు రోజుల్లో ఇవ్వాలి నాథన్.”

చలికాలంలో బాపట్ల నుంచి వచ్చిన అత్తగారు సువార్తమ్మ బేసిన్ దగ్గరకు లాక్కుంది. ఒక రెమ్మ వాసన చూసి కుడివైపు పెట్టింది. ఇంకొకదాని కాడ గోటితో నొక్కి ఎడమవైపు పెట్టింది.

“ఇది నీ రెండో వరుసది కదమ్మాయ్. చలికాలంలో ఎంత కమ్మగా ఉండేది, ఇప్పుడు ఎండకి చేదెక్కింది. ఆ వెడల్పాకుది మాత్రం మారలేదు.”

షీనా కొలతలు చెప్పినదీ అదే. అరగంటలో నాలుగు కుప్పలయ్యాయి. ప్రతి వరుసలో విత్తనానికని వల కింద వదిలిన మొక్కలతో షీనా ప్రతి రెమ్మనూ పోల్చి చూసింది. ఒక్కటీ తప్పు పోలేదు.

“నీకివన్నీ ఎలా తెలుసమ్మా?” అన్నాడు నాథన్.

“నలభై రెండేళ్ళు మీ నాన్న తెచ్చిన ఆకుకూర కట్టలన్నీ ఎవరు ఏరారనుకున్నావురా?”

షీనా తూకం పూర్తి చేసి, కోత రికార్డులో జరిగింది జరిగినట్టు రాసి, ఆకు వేరు చేసినవారి వివరాల దగ్గర ఆగింది.

“వృత్తి ఏం రాయమంటారు అత్తయ్యా?”

“ఏముందమ్మా, ఖాళీగా ఉంటానని రాయి.”

షీనా నవ్వి, “ఆకుకూరల నిపుణురాలు, నలభై రెండేళ్ళ అనుభవం” అని రాసి కలం అందించింది. సువార్తమ్మ చేతులు తుడుచుకుని, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని, నిండుగా సంతకం చేసింది. తరువాత కొడుకు వైపు తిరిగింది.

“ఒరేయ్ నాథన్, ఖాళీగానే ఉన్నావుగా, ఆ పచ్చడేదో నువ్వు చెయ్యి.”