కాగితపు పూత

జనవరి నెల, ఆదివారం పొద్దున. కానుగోడు వాగు ఒడ్డున జీరిగె మామిడి కింద ఒక కుటుంబం నిలబడి ఉంది. బెంగళూరు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి పసుపు చీర కట్టుకుంది. ఈ చెట్టు కింద తీసిన సినిమాలో కథానాయిక కట్టింది కూడా పసుపు చీరే. భర్త ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. అమ్మాయి తల్లి ఇడ్లీ పొట్లం విప్పుతూ, ఎండ ఎక్కకముందే కానివ్వమని తొందర పెడుతోంది.

వాళ్ళకి పది అడుగుల అవతల ఊరి కుర్రాడు ఈశ్వర తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు రెండో కొస నలభై అడుగుల పైన, వాగు మీదికి వంగిన కొమ్మకి కట్టి ఉంది.

"మెల్లగానా, జోరుగానా?" అని అడిగాడు ఈశ్వర.

"పూలు సినిమాలో ఎలా పడ్డాయో అలా" అంది అమ్మాయి.

"సినిమాలో జోరుగానే పడ్డాయండి."

"అయితే జోరుగానే లాగు. ఇంత దూరం వచ్చింది నాలుగు పూలకా?" అంది తల్లి.

ఈశ్వర తాడు లాగి వదిలాడు. మళ్ళీ లాగి వదిలాడు. పూత జలజల రాలింది. అమ్మాయి చేతులు చాచి గుండ్రంగా తిరిగింది. ఫోటో సరిగా రాలేదని ఇంకోసారి లాగమన్నారు. మూడోసారికి జుట్టులో చీమలు పడ్డాయి. "చీమలుంటాయని ముందే చెప్పొద్దా?" అని అమ్మాయి ఈశ్వరని కసిరింది. ఇడ్లీ తిన్న ఆకులు వాగులో వేసి, కారు వెనక్కి తిప్పి, రాలిన పూత మీదుగానే వెళ్ళిపోయారు.

చూసేవాళ్ళకి ఇందులో తప్పేమీ కనబడదు. ఒక అమ్మాయి సంబరపడింది, ఒక కుర్రాడికి చేతి ఖర్చు దొరికింది, రాలింది పూలే కదా అనిపిస్తుంది. ఆ 'పూలే కదా' అన్న మాట గురించే ఈ కథ.

మా వైపు అడవి మామిడిని పండు కోసం ఎవరూ చూడరు. పండితే పులుపు, పీచు. కోతులు కూడా సగం కొరికి పారేస్తాయి. దాని విలువంతా పిందెలో ఉంది. బొటనవేలంత ఉన్నప్పుడు తొడిమతో సహా కోసి ఉప్పులో వేస్తే ఏళ్ళ తరబడి నిలవుంటుంది. ఒక చెట్టు పిందెకి కర్పూరం వాసన, ఇంకోదానికి అల్లం వాసన. జీరిగె మామిడిది జీలకర్ర వాసన. జాడీ మూత తీస్తే పక్కింట్లో తెలుస్తుంది.

ఆ పిందె నేల తాకకూడదు. దెబ్బ తిన్నది ఒక్కటి పడితే జాడీ అంతా పాడవుతుంది. అందుకని కోసేవాడు పైదాకా ఎక్కి, బుట్ట నింపి, తాడుతో మెల్లగా దించుతాడు. చెట్టు అడవిది, అడవి సర్కారుది. కాని చెట్టు మొదట్లో పొదలు కొట్టి కనిపెట్టుకుని ఉన్నవాడిదే కోత అని ఊరి కట్టుబాటు. జీరిగె మామిడిని కనిపెట్టుకుని ఉన్నది ఈశ్వర తండ్రి దుగ్గప్ప. వానాకాలం నాలుగు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ చెట్టు వల్లే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కొన కొమ్మ కోయకూడదు. అది పక్షులది, కోతులది.

సినిమావాళ్ళు వచ్చింది మూడేళ్ళ కిందట, అక్టోబరులో. అక్టోబరులో మామిడికి పూత ఎక్కడిది? వాళ్ళు ఎనిమిది గోనెసంచుల నిండా కాగితపు ముక్కలు తెచ్చుకున్నారు. నలభై అడుగుల మీద కూర్చుని వాటిని చల్లడానికి మనిషి కావాలి. దుగ్గప్ప ఎక్కాడు. రెండు రోజులు సంచి ఒళ్ళో పెట్టుకుని కాగితం చల్లాడు. కింద కథానాయకుడు కొమ్మ ఊపినట్టు నటించాడు. నిజం చెప్పాలంటే వాళ్ళు చెట్టుని ముట్టుకోనేలేదు.

మరుసటి ఏడు సినిమా ఆడినప్పుడు ఊరంతా సాగర పట్నానికి వెళ్ళి చూసింది. పాటలో ఒకచోట, తెర పై మూలన, ఆకుల మధ్య దుగ్గప్ప కుడి పాదం కనబడింది. ఊరు ఊరంతా ఈలలు వేసింది. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర, "ఏం నటుడా, కాలు బాగుందా? దానికేమైనా వేషాలు వస్తున్నాయా?" అని అడగనివాడు లేడు. దుగ్గప్ప మాట తక్కువ మనిషి. కాని కాలు కొంచెం ముందుకు పెట్టి కూర్చునేవాడు.

ఆ తర్వాతి జనవరిలో మొదటి జంట వచ్చింది. చెట్టు నిండా పూత. "అజ్జా, ఆ పూలు ఎలా రాలాయి?" అని అమ్మాయి అడిగింది. మా వైపు తాతని అజ్జ అంటారు. కాగితం అని చెబితే సరిపోయేది. దుగ్గప్ప చెప్పలేదు. సినిమాలో ఉన్నవాణ్ణి అన్న పొగరు. పైకెక్కి ఒక చిన్న కొమ్మని ఒక్కసారి ఊపాడు. దోసెడు పూత రాలింది. అమ్మాయి దండం పెట్టింది. ఆమె ఫోన్‌లోంచి ఆ దోసెడు పూత ఊరూరా తిరిగింది.

ఆ ఏడు పిందె సగమే వచ్చింది. మంచు వల్ల అనుకున్నారు. రెండో ఏడు వచ్చే బండ్లు పెరిగాయి, దుగ్గప్ప మోకాళ్ళు అరిగాయి. బుట్టలు దించే తాడునే కొమ్మకి కట్టి కింద నుంచి లాగడం ఈశ్వర కనిపెట్టాడు. ఈ ఏడు ఆదివారం వస్తే వాగు దాకా బండ్లే.

పసుపు చీర అమ్మాయి వచ్చి వెళ్ళిన సాయంత్రం దుగ్గప్ప అరుగు మీద కూర్చుని కొడుకుతో అన్నాడు.

"రేపటి నుంచి తాడు కట్టకు."

"ఎందుకప్పయ్యా?"

"పూత పోతోంది."

"నూరు పూలు రాలితే ఒకటి నిలుస్తుందని నువ్వే చెప్పావుగా. ఆ తొంభైతొమ్మిదే నేను రాలుస్తున్నా."

"ఏ ఒకటి నిలుస్తుందో నీకు తెలుసా?"

"నీకు తెలుసేమిటి?"

"తెలీదు. అందుకే ముట్టుకోను."

"ముట్టుకోవా? మొదట ఊపింది ఎవరు మరి?"

దుగ్గప్ప ముందుకు పెట్టిన కాలు వెనక్కి లాక్కున్నాడు. ఈశ్వర తల్లి హొన్నమ్మ పక్కనే వక్కలు ఒలుస్తోంది. ఆమె తల ఎత్తకుండా అంది, "ఆ కాలు చూసి ఈల వేసినవాళ్ళలో నేనూ ఉన్నా. నన్ను అడగకండి."

తాడు అలాగే ఉంది.

ఫిబ్రవరి చివర గణపతి హెగడె వచ్చాడు. ఏటా పిందె కొనేది ఆయనే. జీపు నిండా బుట్టలు, వెనక ఉప్పు మూటలు. చెట్టు కింద నిలబడి, కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

"ఏం దుగ్గప్పా, ఈ ఏడు మంచు ఎక్కువ పడిందా?"

"మంచు కాదు హెగడేగారూ. మనుషులు పడ్డారు."

కింది కొమ్మలన్నీ ఉత్త ఆకులు. తాడు అందని కొనలో మాత్రం పిందె గుత్తులు వేలాడుతున్నాయి.

"పైన ఉన్నాయిగా. నాలుగు బుట్టలు అవుతాయి."

"అవి మనవి కావు."

"ఈ ఒక్క ఏడు కోతులు ఏమీ అనుకోవులే. నేను ఖాళీగా వెళితే నీకే నష్టం."

దుగ్గప్ప, కొడుకుతో పాటు వెంట వచ్చిన భార్య వైపు చూశాడు. హొన్నమ్మ బుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. వానాకాలం ఆమెకూ తెలుసు. దుగ్గప్ప బుట్ట నడుముకి కట్టుకుని ఎక్కాడు.

నలభై అడుగుల దగ్గర ఆగాడు. తాడు కట్టిన చోట కొమ్మ చుట్టూ బెరడు లేదు. గాజు తొడిగినట్టు, చుట్టూరా తెల్లటి కొయ్య బయటపడి ఉంది. అక్కడి నుంచి చివరి దాకా ఆకు వాడిపోయింది. కింద నిలబడి తాడు లాగేవాడికి ఆ గాయం కనబడదు. దుగ్గప్ప ఆ కొమ్మ మొదట్లో కూర్చుండిపోయాడు. కాగితం చల్లినప్పుడు కూర్చున్నది కూడా అక్కడే.

అప్పుడే ఒక టెంపో వచ్చి ఆగింది. పదిమంది కుర్రాళ్ళు దిగారు.

"అరే, పూలు అయిపోయాయిరా."

"పైన అజ్జ ఉన్నాడు. అజ్జా, ఊపు. పూలు లేకపోతే ఆకులైనా రాల్చు."

"అజ్జ నిద్రపోతున్నాడేమో, లేపండ్రా." ఒకడు కర్ర విసిరాడు. అది కొమ్మకి తగిలి వాగులో పడింది. అందరూ నవ్వారు. వాళ్ళలో ఒకడు చెయ్యి పైకి చూపించి అన్నాడు. "ఒరేయ్, చూడండ్రా. సినిమాలో ఉన్నది అదే కాలు."

పది ఫోన్లు పైకి లేచాయి.

దుగ్గప్ప కిందికి చూశాడు. ఊళ్ళో అతను వరసగా నాలుగు మాటలు మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఆ రోజు మాట్లాడాడు.

"అవును. అదే కాలు. ఆ రోజు నా ఒళ్ళో గోనెసంచి ఉంది. అందులో కాగితం ఉంది. మీరు సినిమాలో చూసింది పూత కాదు, కాగితం. ఇక్కడ మీరు రాల్పించుకున్నది కాగితం కాదు, పూత. పూత అంటే పిందె. పిందె అంటే మా ఇంట్లో వానాకాలం గంజి. మీ ఊళ్ళో ఎవరింటికైనా వెళితే, పొయ్యి మీద కుండ బాగుందని దాన్ని వంచి చూస్తారా? ఇక్కడ మాత్రం వంచారు. మొదట వంచి చూపించింది నేనే. నా కాలు చూసి నేనే మురిశాను. నా కొడుకు తాడు కట్టాడు. సినిమావాళ్ళు కూడా ముట్టుకోని చెట్టుని మీరూ మేమూ కలిసి చంపుతున్నాం."

కొన వైపు ఒకసారి తలెత్తి చూశాడు. గుత్తుల మధ్య ఒక ఉడత ఉంది. దుగ్గప్ప ఖాళీ బుట్టతో దిగాడు.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకడు దగ్గరికొచ్చి, "అజ్జా, మళ్ళీ ఒకసారి ఎక్కి చెప్పవా? మొదటి రెండు మాటలు రికార్డు కాలేదు" అని అడిగాడు.

దుగ్గప్ప నడుముకి కట్టిన బుట్ట విప్పాడు. దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. హెగడె ఖాళీ బుట్టలతోనే జీపు ఎక్కాడు. ఈశ్వర మాత్రం అక్కడే ఉండిపోయాడు. టెంపో వెళ్ళాక ఎక్కి, తండ్రి కూర్చున్న చోట కూర్చుని, బెరడు లేని చోట వేలు పెట్టి చూశాడు. దిగేటప్పుడు తాడు విప్పుకుని దిగాడు.

మరుసటి ఆదివారం ఎప్పటికంటే ఎక్కువ బండ్లు వచ్చాయి. చెట్టు మీద నుంచి మాట్లాడే అజ్జని చూడాలట. బాట మీద అటు చెట్టుకీ ఇటు చెట్టుకీ అదే తాడు అడ్డంగా కట్టి ఉంది. వెనక ముళ్ళకంప. ముందు ఈశ్వర.

"అజ్జ ఏడీ?"

"అజ్జ ఇంక చెట్టెక్కడు. చెట్టు కిందికి ఎవరూ పోకూడదు."

"అడవి నీ తాత సొత్తా? అందరిదీ కదా."

"అందరిదీ కాబట్టే కట్టాను."

టీ కొట్టు మంజప్ప ఊరి నుంచి పరుగున వచ్చాడు. "నీ నాలుగు పిందెల కోసం నా పొయ్యి ఆర్పుతావేంరా?"

"ఆరకూడని పొయ్యి మా ఇంట్లో ఆరిపోయింది మంజన్నా. ఇంక ఎవరిది ఆరినా నాకు లెక్క లేదు."

ముందు వరుసలో ఉన్న ఒకామె మెడ చాచి చెట్టు వైపు చూసింది. ముఖం చిట్లించింది.

"ఇక్కడి నుంచి చూస్తే మామూలు చెట్టులా ఉందే."

"మామూలు చెట్టేనండి" అన్నాడు ఈశ్వర. "కాసేది."

ఆ చెట్టు వచ్చే ఏడు పూస్తుందో లేదో దుగ్గప్పకి తెలియదు, మాకూ తెలియదు. తెలిసింది మాత్రం చెబుతాను. అడవిని చూడబోయేవాళ్ళు కళ్ళతో చూసి రావాలి, చేతులతో కాదు. అడవిని నమ్ముకుని బతికేవాళ్ళు తమ తాడు తామే దాని మెడకి కట్టకూడదు.