నీళ్లు పడ్డ మొక్క

చిన్నమ్మికి టాటానగర్ నీళ్లు పడలేదు. అందరూ అదే మాట. పెళ్లయి బాగ్‌బేరా రైల్వే క్వార్టర్‌కి వచ్చిన పిల్ల, చలికాలం దాటేసరికి చిక్కి సగమైంది. వాళ్లన్న ధర్మరాజు వచ్చి ఊరికి తీసుకుపోతానని కబురు పెట్టాడు. వెళ్తే మళ్లీ రాదేమోనని ఆమె మొగుడు జగ్గారావుకి బెంగ. ఉండిపొమ్మని అడగొచ్చు కదా! అడగడు. యార్డులో ఇంజిన్లని ఈల వేసి ఆపగలడు గాని, పెళ్లాం ముందు నోరు పెగలదు మహానుభావుడికి.

అడగలేక, బదిలీ మీద వెళ్లిపోతున్న రైలు గార్డు దగ్గర ఓ గాజు తొట్టె, రెండు చేపలు తెచ్చి కిటికీ పక్కన పెట్టాడు.

"బోసిగా ఉంది మావా. మొక్కలు కావాల" అంది చిన్నమ్మి. ఆ ఇంట్లో ఆమె అడిగిన మొదటి కోరిక అది. జగ్గారావు వెంటనే సైకిలెక్కించి జుగ్సలాయి బజారుకి తీసుకెళ్లాడు.

చేపల కొట్టువాడు పొడుగాకుల గడ్డి చూపించాడు.

"ఇదొక్కటే అయితే దిగులెట్టేసుకుంటాది. దీనికి తోడేటి?" అంది చిన్నమ్మి. జగ్గారావు హిందీలో అడిగితే, కొట్టువాడు గోధుమరంగు పొట్టి మొక్క తీశాడు. పొడుగుది వెనక నిలబడితే దాని నీడన ఇది కుదురుకుంటుందట.

సాయంత్రాలు ఇద్దరూ తొట్టె ముందు కూర్చునేవారు. దూరాన ఉక్కు కార్ఖానావాళ్లు నిప్పులా మరిగే స్లాగ్ చిట్టెం పారబోసినప్పుడల్లా ఆకాశమూ, తొట్టెలో నీళ్లూ ఎర్రబడేవి. గూడ్సు వెళ్తే గడ్డి ఊగేది. ఆ నీళ్లడుగునే తామిద్దరూ కాపురం ఉంటున్నట్టు అనిపించేది జగ్గారావుకి. అక్కడ మాటలతో పనిలేదు. ఎంత హాయో!

అన్న రావడానికి వారం పదిరోజుల ముందు పొట్టి మొక్క ఆకులు కరిగిపోయాయి. ముట్టుకుంటే జావ. ఇదీ నిలవలేదని జగ్గారావుకి ఏడుపొచ్చింది. పీకేయబోయాడు.

"ఉండు మావా!" చిన్నమ్మి ఇసకలో వేలు పెట్టి వేరు తడిమింది. "ఏరు గట్టిగానే ఉంది. కొత్త నీళ్లు కదా, పడద్దా మరి?"

ధర్మరాజు రానే వచ్చాడు. చెల్లెల్ని చూసి నిట్టూర్చాడు. "దీనికి ఈ నీళ్లు పడనేదు బావా. తీసుకుపోతాను."

జగ్గారావు నేలచూపులు చూస్తూ తలూపాడు. అలాంటి మనిషిని చూస్తే ఒళ్లు మండదూ!

"అన్నియ్యా, ఇలా రా" అని తొట్టె దగ్గరికి పిలిచింది చిన్నమ్మి. ఇసకలోంచి గోరంత ఆకు చుట్ట విప్పుకుంటోంది. "దీనికీ పడనేదు. మావ పీకేత్తానన్నాడు. నానే ఆపినాను." ఆమె మొగుడి వైపు చూసింది. "నన్నాపడానికే ఎవులూ నేరు."

జగ్గారావు తలెత్తాడు.

"ఉండిపో చిన్నమ్మీ" అన్నాడు. "నువ్వు నేకపోతే నానుండనేను."

చిన్నమ్మి కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, అన్నకి గ్లాసుడు నీళ్లు తెచ్చిచ్చింది.

"తాగన్నియ్యా. మంచి నీళ్లే."