ఒక్కరి కోసం లావు అక్షరాలు

ప్రింటర్‌లోంచి కాగితం వేడివేడిగా జారింది. దాని మీద నల్లటి అక్షరాలు... ముట్టుకుంటే అవీ వేడిగానే ఉన్నాయి.

హిందీ మాట్లాడే ఆ ఊళ్లో, శంకర్ నగర్ డీటీపీ దుకాణంలో మాలతి రోజూ కొట్టే అక్షరాలే అవి. పాతకాలపు లావు అక్షరాలు. ఒకచోట బలిసి, ఒకచోట సన్నబడి, కొసన పాదం ఊని నిలబడేవి.

వేలం ప్రకటనకు అవే. పెళ్లి బోర్డుకు అవే. దినకర్మ కార్డుకు అవే.

అవి ఏం చెప్పినా జనం నమ్ముతారు.

ఈసారి అవి తండ్రి కోసం.

భీమారావు కనబడకుండా పోయాడు. రైల్వేలో వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. మతిమరుపు వచ్చి ముందు వీధులు మరిచాడు. తర్వాత మనుషుల్ని. తర్వాత హిందీని — ఉద్యోగమంతా మాట్లాడిన హిందీని. చిన్నప్పటి పలాస తెలుగు ఒక్కటే మిగిలింది.

ఫోటో, ఫోన్ నంబరుతో హిందీ ప్రకటన గోడలకెక్కింది. ఊరంతా చదివింది.

ఆయన తప్ప.

అందుకే ఇంకో కాగితం. అదే అచ్చులో, తెలుగులో. ఊరికి కాదు — ఆయనకే.

"సన్నవి మీ నానకి అవుపడవే. లావుగా కొట్టు," అంది తల్లి దాలమ్మ, పక్కన స్టూలు మీద కూచుని.

మాలతి 'నాన్నా' అని కొట్టింది. లావులో కింది ఒత్తు పూడిపోయింది. నల్లటి ముద్ద.

చెరిపేసింది. ఇంట్లో పిలిచినట్టే కొట్టింది.

నానా, రా. నేను మాలతిని.

ఒక్కో అక్షరం అరచెయ్యంత.

దుకాణం యజమాని ప్రేమ్‌చంద్ వంగి చూశాడు. "యే పఢేగా కౌన్, మాలతీ?" ఇది చదివేదెవరని.

"ఏక్ ఆద్మీ," అంది. ఒక్క మనిషి.

బయట వడగాలి. స్టేషన్ గోడకు అంటించింది. బస్టాండులో అంటించింది. ఊరి బయట మందిర్ హసౌద్ దాకా అంటిస్తూ పోయింది. గాలి అంచులు లేపుతోంది... అరచేత్తో అదుముతోంది. ఎవరో ఆగి చూశారు. తెలుగు రాక, జాతకాల ప్రకటన అనుకుని వెళ్లిపోయారు.

ఫోన్ వచ్చింది. మందిర్ హసౌద్‌లో టీకొట్టు ఆమె. హిందీ కాగితంలో ఫోటో పోల్చుకుంది.

మాలతి వెళ్లేసరికి గోడ మీద హిందీ కాగితం అలాగే ఉంది. తెలుగుది లేదు.

"బాబా ఆయే థే," అంది ఆమె. పెద్దాయన వచ్చాడని.

వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమాడట. పైకి చదివాడట. కాగితం చిరగకుండా ఊడదీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడట. కూచోమంటే కూచోలేదట. ఏదో అన్నాడట — ఆ మాటను ఆమె తడబడుతూ పలికింది.

"వస్... వస్తన్నానే... ఇస్‌కా మత్‌లబ్ క్యా హై, బేటీ?" అంటే ఏమిటని.



"కిధర్ గయే?" అని మాత్రం అడిగింది మాలతి. ఎటు వెళ్లాడని.

ఆమె చెయ్యెత్తి చూపింది. ఇంటి వైపు కాదు. ఊరికి దూరంగా, ఆరంగ్ పోయే రోడ్డు వైపు.

రమ్మని రాసింది... అంత లావుగా. ఎక్కడికో రాయలేదు.

లారీలు. దుమ్ము. దూరంగా రోడ్డు ఎండకు నీళ్లలా కదులుతోంది.

ఆటో ఆగింది. "కహా జానా హై?" అన్నాడు ఆటో అతను. ఎక్కడికి వెళ్లాలని.

మాలతి రోడ్డు వైపే చూస్తూ ఎక్కింది.

"ఆగే చలో, భయ్యా," అంది. ముందుకు పోనిమ్మని.

కాసేపటికి మళ్లీ —

"ఔర్ ఆగే..."