సగ్గుబియ్యం ఉపవాసం

కార్తికంలో కడపటి సోమవారం. మార్కాపురంలో కిరాణా దుకాణం వాళ్ల పెద్దకోడలు అనంతలక్ష్మి కన్ను తెల్లారకముందే తోడికోడలి గిన్నె మీద పడింది.

ఆ ఇంట్లో ఉపవాసమంటే పొద్దున ఒక్కసారి ఫలహారం, మళ్లీ చుక్క పొడిచాకే అన్నం. శివాలయంలో ఏటా తాను వెలిగించే ఏడాది వత్తుల దీపాన్ని, మోకాళ్లు సాగక, ఈసారి నుంచి కోడలి చేతికిస్తానంది అత్త రామతులసమ్మ. ఉపవాసం చెడకుండా నిలిచిన కోడలికి.

ఆ మాట కోసం ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్న అనంతలక్ష్మికి, నిన్నగాక మొన్న బేస్తవారిపేట నుంచి కాపురానికొచ్చిన జయలక్ష్మి అడ్డం తగిలింది. సోమవారమొస్తే మధ్యాహ్నానికే తాను పీక్కుపోయి మంచమెక్కేది. ఆ పిల్లేమో గల్లాపెట్టె దగ్గర కూర్చుని నవ్వుతూ బేరాలు చేసేది. "చిన్నది చూడు, ఎట్ల కళకళలాడుతుందో" అని అత్త అన్నప్పుడల్లా అనంతలక్ష్మి గుండెల్లో తాలింపు చిటపటలాడేది. దొంగతిండి తింటుందేమోనని కాపు కూడా కాసింది. ఏమీ దొరకలేదు.

ఇవాళ జయలక్ష్మి నానిన పెసలు, పల్లీలు, గడ్డపెరుగు ముందేసుకుని తీరిగ్గా నములుతోంది.

"ఏందే, గుర్రానికి దాణానా?"

"నువ్వూ రెండు పిడికెళ్లు తినక్కా. నీ సగ్గుబియ్యం పాయసమంతా పిండీ చక్కెరే, గబుక్కున అరిగిపోతది. అరగంగానే కడుపులోంచి గ్రెలిన్ అనే హార్మోను లేచి ఆకలాకలని మెదడును గిల్లుతది. పప్పులో ప్రోటీను, పొట్టులో పీచు పడితే అది చానాసేపు అణిగి ఉంటది. ఇంక చాలు అని చెప్పే హార్మోన్లు కూడా పెరుగుతాయి. డిగ్రీలో చదివినా."

"ఓహో! పోయి శివయ్యకు చూపియ్యి నీ డిగ్రీ. మా ఉపవాసం భక్తితో నడుస్తది తల్లీ, పల్లీలతో కాదు."

పంతానికి ఇంకో గ్లాసు పాయసం తాగింది.

మిట్టమధ్యాహ్నానికి అనంతలక్ష్మి మంచమెక్కింది. దుకాణంలోంచి జయలక్ష్మి నవ్వు వినబడుతుంటే ఆకలి ఇంకా రేగింది. ఎప్పుడు పోయిందో, సరుకుల గదిలో బొరుగుల బస్తా ముందు నిలబడి ఉంది. నోటినిండా బొరుగులు. బొరుగులంటే పేలిన బియ్యం, అన్నం కిందే లెక్క.

కందిపప్పు కోసం వచ్చిన జయలక్ష్మి గడపలో ఆగింది. చూసింది. చూపు తిప్పుకుని, తలుపు దగ్గరకేసి వెళ్లిపోయింది.

చీకటి పడ్డాక గుడిలో రామతులసమ్మ అగ్గిపెట్టె తీసింది. "ఇద్దరూ ఉపవాసంలో నిలబడినారు. పెద్దదానివి, నువ్వే ముట్టియ్యి అనంతా."

జయలక్ష్మి వత్తుల మీద నెయ్యి పోస్తూ ఉండిపోయింది.

కోరుకున్నదే చేతికొచ్చింది. కానీ ఇకమీదట ఏటా ఆ దీపం ఆ పిల్ల దయతో వెలగాలి. అత్త పొగడ్తలన్నీ ఎట్లాగో మింగింది గానీ, ఈ ముద్ద గొంతు దిగలేదు అనంతలక్ష్మికి.

"నేను బొరుగులు తిన్నానత్తా," అంది. "ఇది చూసింది. నీకు చెప్పలా."

అగ్గిపెట్టెను తోడికోడలి అరచేతిలో కుక్కింది.

"ముట్టియ్యి. దీపం నీదంటే ఒప్పుకుంటా. నువ్వు నాకిచ్చినావంటే మాత్రం ఒప్పుకోను."