మోసిన కండ

మోకాలు మంచం పట్టెకు ఆనించి, అత్తగారి చేతులు రెండూ తన మెడచుట్టూ వేయించుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున లేపి, అరచుట్టు తిరిగి, కుర్చీలో మెల్లగా దించడం. ఆ పనికి ఆ ఇంట్లో పేరు లేదు. “అమ్మని కూర్చోబెట్టావా?” అని భర్త అడుగుతాడు, కిటికీ తెరిచావా అన్నట్టు. అత్తగారి కాళ్లు చచ్చుబడిన నాటి నుంచీ ఆమే లేపుతున్నది. క్యాన్సరొచ్చి ఈ కోడలి ఎడమ రొమ్ము తీసేసినప్పుడు కొన్నాళ్లు ఒక ఆయా వచ్చింది. గాయం మానగానే ఆయా వెళ్లిపోయింది. పని మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

ఆ రొమ్ము మీద అరచెయ్యి వేసుకుని నిద్రపోవడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. ఇప్పుడు చెయ్యి నిద్రలో అక్కడికి వెళ్లి, ఇల్లు మారిన చుట్టం గుమ్మం నుంచి తిరిగొచ్చినట్టు వెనక్కి వచ్చేస్తున్నది. ఆపరేషన్‌తో ఆ రొమ్మును మళ్లీ కట్టించుకుంటానని ఆమె నోరు విప్పి చెప్పిన రోజున, ఈ వయసులో ఎవరు చూడొచ్చారని ఆడపడుచు నవ్వింది. తనకేమీ పట్టింపు లేదని భర్త పెద్దమనసు చూపాడు. ఆ పెద్దమనసును అడిగిందెవరో ఆమెకు అర్థం కాలేదు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మలు గీసి చెప్పింది. సిలికాన్ సంచి పెట్టవచ్చు. పొట్ట కింది కొవ్వు తెచ్చి మలచవచ్చు. వీపు కండను చంక కిందుగా తిప్పి ముందుకు తేవచ్చు. ఏదీ వద్దనుకున్నా అదీ సరైనదే. తరువాత తెర వెనక ఆమెను రెండు అద్దాల మధ్య నిలబెట్టి, చేతులు నడుముకు ఆనించి గట్టిగా నొక్కమన్నది.

అప్పుడు చూసుకుందామె, జీవితంలో మొదటిసారి, తన వీపును. భుజం కింద మొదలై నడుము దాకా విసనకర్రలా విచ్చుకున్న కండ. నిబ్బరంగా, నునుపుగా, ఎవరి మెప్పూ కోరకుండా ఎదిగిన కండ. ఇంత అందం వెనకే ఉండి, ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదే అనుకున్నది.

“ఎంత చక్కటి కండ. ఈత కొడతారా?” అని అడిగింది డాక్టరమ్మ.

తెర అవతల నుంచి భర్త జవాబిచ్చాడు. “లేదండీ. తనేం చెయ్యదు. ఇంట్లోనే ఉంటుంది.”

అతను అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే: ఏది చేయిస్తే త్వరగా బరువులెత్తగలదని. సంచి అయితే తొందరగా కోలుకుంటారని, వీపు కండ తీస్తే మామూలు పనులకు ఇబ్బంది లేకపోయినా మనుషుల్ని ఎత్తే పని ఇక పెట్టుకోకూడదని డాక్టరమ్మ చెప్పింది. దారిలో అతను సంచికే ఓటు వేశాడు, సోఫా గుడ్డ ఎంచినంత తేలికగా.

ఇంటికొచ్చి అత్తగారికి తల దువ్వుతూ ఆమె అంతా చెప్పింది. కొత్త కోడలిగా అడుగుపెట్టిన రోజున, ఈ పుల్ల ఏం పనికొస్తుందని పదిమందిలో అన్న అత్తగారు. ఇప్పుడావిడ కోడల్ని వెనక్కి తిరగమని, రవిక ఎత్తించి, ఆ కండను వేళ్లతో అదిమి చూశారు. చాలాసేపు చూశారు.

“అయితే దీన్ని పెంచింది నేనేనన్నమాట.”

“మీరే అత్తయ్యా. రోజూ.”

“నాకోసం దాచకే పిల్లా. వాడికీ ఉంది వీపు.”

మర్నాడు భర్త ఫోన్ చేతిలోకి తీసుకుని, సంచికే ఖాయం చెయ్యనా అని అడిగాడు. తను చెప్పేశానన్నది ఆమె. వీపు కండే.

“మరి అమ్మని ఎవరు లేపుతారు?”

“ఇలా రండి. మోకాలు పట్టెకు ఆనించండి. ఊపిరి బిగబట్టండి.”

అత్తగారు కొడుకు మెడచుట్టూ చేతులు వేసి, నన్ను పడేశావంటే ఊరుకోనని ముందే చెప్పారు. లేపాడు, తూలాడు, తిరిగాడు, దించాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకున్నది. గోడకు చేరగిలి, ఒగరుస్తూ, ఆమె ఛాతీ వైపు చూసి అడిగాడు.

“ముందుకొచ్చాక ఆ కండ ఏం పని చేస్తుంది?”

ఆమె ఎడమ వైపు అరచెయ్యి ఆనించుకున్నది.

“ఏం చెయ్యదు. ఇంట్లోనే ఉంటుంది.”