దొరగారి భోజనవేళ

“నువ్వున్నావుగా” అన్నాడు మా ఆయన, ఆ చేపను ప్లాస్టిక్ సంచిలో ఇంటికి తెచ్చిన రోజున. ఇది ఉప్పునీటి చేప, దీనిచేత తిండి తినిపించడం అందరివల్లా కాదు, చాలా ఇళ్ళలో ఆకలితో మాడి చచ్చిపోతుందని దుకాణంవాడు ముందే చెప్పాడట. ఆ మాట విని వెనక్కి తగ్గాల్సిన మనిషి ఇంకాస్త మోజుపడి కొన్నాడు, ఎందుకంటే నేనున్నాను. వాళ్ళమ్మ మోకాలి ఆపరేషనుకీ, బాబు లెక్కలకీ, చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలకీ కూడా నేనిలాగే ఉన్నాను.

తెల్లటి ఒంటిమీద నారింజ చారలు, సూదిలాంటి మూతి. ఆ దర్జా చూసి నేనే దానికి దొరగారని పేరుపెట్టాను. దొరగారు ఏదీ ముట్టలేదు. గడ్డకట్టిన రొయ్యపిల్లల్ని కరిగించి, కడిగి, సన్నగా తరిగి, డ్రాపర్‌తో మూతి దగ్గర వదిలితే ఒకసారి చూసి పక్కకి తిరిగేవారు. డొక్కలు లోపలికి పోయాయి. తొట్టిలో నీటిపంపు తిరుగుతుంటే తిండి కొట్టుకుపోతుంది కాబట్టి అది ఆపాలి. మనుషులు మసిలితే రాయి వెనక దాక్కుంటుంది కాబట్టి ఆ తొట్టి ఉన్న గది తలుపు వేయాలి. పంపు హోరు ఆగిందంటే నన్ను పిలవకూడదని మా ఆయన ఇంట్లో కట్టడి చేశాడు.

అది విని ముందు నవ్వొచ్చింది, తర్వాత కడుపు మండింది. ఈ ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుని మధ్యలో లేవకుండా తిన్న పూట నాకు గుర్తులేదు. ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఒకరికి నీళ్ళు, ఒకరికి తువ్వాలు, ఇంకొకరికి ఛార్జరు. చేప మొహమాటపడుతుందని మాత్రం ఇంటిల్లిపాదీ మునివేళ్ళమీద నడుస్తున్నారు. నేను ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తాను. వచ్చిన ప్రతి మగవాడూ తన చదువుగదికి చోటడుగుతాడు, కారుకి అడుగుతాడు, ఒకాయన కుక్కకి కూడా అడిగాడు. మరి మీ ఆవిడకో అంటే, “వంటగది కాస్త పెద్దది వెయ్యండి మేడమ్” అంటారు. నేనూ నోరు మూసుకుని పెద్దదే వేస్తాను.

ఒక సాయంత్రం ఆకలికి ఆగలేక నా కంచం కూడా ఆ గదిలోకి పట్టుకెళ్ళాను. నేను స్టూలుమీద కూర్చుని తింటుంటే దొరగారు రాయి వెనకనుంచి మెల్లగా వచ్చి, డ్రాపర్ అంచున వేలాడుతున్న ముక్కని లాక్కున్నారు. వారం తిరిగేసరికి గిన్నెడూ రెండు నిమిషాల్లో ఖాళీ చేయడం నేర్చారు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఇంకా మొండికేస్తూనే ఉంది, బతిమాలితే అరగంటకి గానీ తినదని చెప్పి రోజూ అరగంట తలుపు వేసుకునేదాన్ని. అంతకుమించి పంపు ఆపితే దానికి ఊపిరాడదు. “నా కొడుక్కి కూడా నేనింతసేపు తినిపించలేదు” అని అత్తగారు తలుపవతల విసుక్కునేవారు. నేను లోపల వేడి అన్నం నిదానంగా నములుతూ వినేదాన్ని.

నిన్న మా ఆయన మేనేజరూ ఆయన భార్యా భోజనానికి వచ్చారు. బల్లమీద అన్నీ సర్దేలోపే మా ఆయన, “ముందు మా చేప తినడం చూడాలి సార్, ఎవరికీ లొంగనిదాన్ని నేను దారికి తెచ్చాను” అంటూ అందర్నీ ఆ గదిలోకి తీసుకొచ్చాడు. ఇంతమందిని చూసి దాక్కుంటే బావుండునని కోరుకున్నాను. వంటింట్లోంచి రొయ్యల గిన్నె తీసుకుని గదిలోకి వచ్చాక గమనించాను, అలవాటుకొద్దీ రెండో చేత్తో మూతపెట్టిన నా కంచం కూడా తెచ్చేశాను. దాన్ని గబుక్కున స్టూలుమీద పెట్టి, పంపు ఆపి, అడ్డం నిలబడ్డాను.

దొరగారు దాక్కోలేదు. నన్ను చూడగానే తొట్టి అద్దం దగ్గరికి పరుగున వచ్చి, ఊపిరి తిప్పుకునేలోపు నేను వదిలిన రొయ్యలన్నీ తినేశారు.

“ఇంత తొందరగా తింటుందా?” అంది మేనేజరు భార్య.

మా ఆయన పొంగిపోయాడు. వెంటనే ఏదో లెక్క తట్టినట్టు నావైపు తిరిగాడు. “మరి రోజూ అరగంట తలుపేసుకుని ఏం చేస్తున్నావ్?”

అద్దం తుడుస్తున్నాననీ, నీళ్ళు పరీక్షిస్తున్నాననీ అబద్ధాలు నాలుకమీదికి వచ్చాయి. ఆలోగా అత్తగారు నా వెనకున్న కంచంమీది మూత ఎత్తారు. ఆవిరి పైకి లేచింది.

“పోనీలే, రేపట్నించి ఆ టైములో బాబుని చదివించొచ్చు” అని మా ఆయన నవ్వాడు, అందరి ముందూ నన్ను క్షమించేసినట్టు. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకోవాల్సిందేనని తెలిసింది.

పంపు ఆన్ చేశాను. గదంతా హోరు నిండింది. స్టూలుమీది కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

“చేప తినేసింది. నేనింకా తినలేదు” అన్నాను. “బల్లమీద అన్నీ ఉన్నాయి, వడ్డించుకోండి. వెళ్తూ ఆ తలుపు వేయండి.”